పెట్టె మంచిదే, బిగించిందెవరు?

నవంబరు రాగానే మా ర్యాలీ, కేరీ, మోరిస్‌విల్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే ప్రశ్న. "హీటర్ వేస్తే చల్లగాలి వస్తోంది. పాడైందంటారా?" దానికింద వరసగా జవాబులు. ఒకరు కొత్తది కొనేయమంటారు. ఇంకొకరు తమకి తెలిసిన కంపెనీ నంబరు పెడతారు. మూడోవారు "ఎమర్జెన్సీ హీట్ నొక్కండి, వెచ్చగా వస్తుంది" అంటారు. నిజమే, వెచ్చగానే వస్తుంది. కరెంటు బిల్లు కూడా అలాగే వేడివేడిగా వస్తుంది.

మా నార్త్ కరోలినాలో చాలా ఇళ్లకి చలికాలం వేడి ఇచ్చేది హీట్ పంపే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి చెప్పాలంటే, మీ గోడమీదున్న స్ప్లిట్ ఏసీని తిరగేసి వాడుకోవడమే. ఏసీ ఇంట్లో వేడిని లాగి బయట పారేస్తుంది. రివర్సింగ్ వాల్వ్ అనే ఒక భాగం దారి మళ్లించగానే అదే మిషన్ బయటి వేడిని లాగి ఇంట్లోకి తెస్తుంది. బయట గడ్డకట్టే చలి ఉంటే వేడెక్కడిదీ అనకండి. ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్లలోంచి వేడి లాగితేనే కదా ఐసు అయ్యేది. ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెడితే తగిలే సెగలో ఆ లాగిన వేడి కూడా ఉంటుంది.

వేడిని పుట్టించడం ఖరీదైన పని, ఉన్నదాన్ని మోసుకురావడం చవక. అందుకే హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటు తిని, వాతావరణాన్ని బట్టి రెండు నుంచి నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. కాకపోతే గాలి మరీ కాలేటట్టు రాదు. గ్యాస్ ఫర్నేస్ గాలి 50 డిగ్రీల సెల్సియస్ దాటి వస్తే, దీనిది చాలావరకు 32 నుంచి 38 మధ్య ఉంటుంది. మన ఒంటి వేడి 37. అందుకే వెంట్ దగ్గర చెయ్యి పెడితే చల్లగా అనిపిస్తుంది. ఇల్లు మాత్రం నెమ్మదిగా వెచ్చబడుతూనే ఉంటుంది. గ్రూపులో వచ్చే ప్రశ్నల్లో సగానికి జవాబు ఇదే: చేతిని కాదు, థర్మోస్టాట్‌లో అంకెని చూడండి.

బాగా చలి ముదిరినప్పుడు సాయానికని లోపలి ఎయిర్ హ్యాండ్లర్‌లో కరెంటు కాయిల్స్ ఉంటాయి. బకెట్లో నీళ్లు కాచుకునే రాడ్డుకి పెద్దన్నయ్య అనుకోండి. ఇది యూనిట్ తింటే యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్‌కి తోడుగా వెలిగితే దాన్ని ఆక్స్ హీట్ అంటారు. ఎమర్జెన్సీ హీట్ నొక్కితే బయటి మిషన్ పూర్తిగా ఆగిపోయి ఈ కాయిల్సే మొత్తం భారం మోస్తాయి. అది బయటి మిషన్ నిజంగా చెడిపోయినప్పుడు, మెకానిక్ వచ్చేదాకా వాడుకోవాల్సిన మీట.

లెక్క చూడండి. 10 కిలోవాట్ల కాయిల్ రోజుకి 6 గంటలు వెలిగితే 60 యూనిట్లు. యూనిట్ 13 సెంట్లనుకుంటే నెలకి 234 డాలర్లు. అదే వేడిని హీట్ పంప్, యూనిట్‌కి రెండున్నర చొప్పున తెచ్చినా, రోజుకి 24 యూనిట్లు, నెలకి 94 డాలర్లు చాలు. రాత్రి 60 ఫారెన్‌హీట్‌కి తగ్గించి పొద్దున్నే 70కి పెంచడం కూడా ఇలాంటిదే. ఒక్కసారిగా పది డిగ్రీల తేడా కనబడగానే మామూలు థర్మోస్టాట్ కాయిల్స్‌ని పిలుస్తుంది, రాత్రంతా మిగిల్చింది పొద్దున్న గంటలో ఖర్చయిపోతుంది. ఇంట్లోవాళ్లకి సరిపడే ఒక అంకె దగ్గర పెట్టి వదిలేయడం మేలు.

ఇదంతా మిషన్‌ని సరిగ్గా బిగిస్తేనే. అసలు గొడవ అక్కడే ఉంది.

మొన్న జనవరిలో మా వీధిలో ఒక అక్కావాళ్లింట్లో జరిగింది చెప్తాను. అక్కకి పాప పుట్టి మూడు వారాలు. పురిటికని భీమవరం నుంచి వాళ్లమ్మగారు వచ్చారు. ఇల్లు ఎంతకీ వెచ్చబడదు. ఆవిడ ఇంట్లో కూడా మంకీ క్యాప్, సాక్సులతోనే తిరుగుతున్నారు. ఒక కంపెనీ నుంచి మనిషి వచ్చి పావుగంట చూసి, కంప్రెసర్ బలహీనపడిందని, మూడు టన్నులది తీసేసి నాలుగు టన్నులది వేయాలని, 14,000 డాలర్లవుతుందని కాగితం ఇచ్చి వెళ్లాడు. అప్పటిదాకా ఎమర్జెన్సీ హీట్ మీద ఉంచమన్నాడు. పైగా "పసిబిడ్డ ఉన్న ఇల్లు, ఆలోచిస్తూ కూర్చోకండి" అని ఒక మాట. ఆ మాటకి బావగారు సంతకం పెట్టేసేవారే. "తొమ్మిదేళ్లకే పోయిందా? ఇంకొకరికి చూపించు నాయనా" అని అత్తగారు అడ్డుపడ్డారు.

రెండోసారి వచ్చినతను థర్మోస్టాట్ జోలికి పోకుండా ముందు ఇంటికిందకి దూరాడు. ఇక్కడి ఇళ్లకి నేలకీ మట్టికీ మధ్య పాక్కుంటూ వెళ్లేంత ఖాళీ ఉంటుంది, క్రాల్ స్పేస్ అంటారు. డక్టులు చాలా ఇళ్లలో అక్కడే ఉంటాయి. ఇంట్లో గాలిని మిషన్‌కి వెనక్కి తెచ్చే రిటర్న్ డక్టు ఒక అతుకు దగ్గర ఊడిపోయి వేలాడుతోంది. అంటే మిషన్ ఇంట్లో గాలికి బదులు కింద ఉన్న చల్లటి తేమగాలిని పీల్చి వేడిచేస్తోందన్నమాట. దాన్ని మళ్లీ బిగించి, అతుకులకి మాస్టిక్ అనే లేపనం పూసి, మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు. కొన్ని వందల డాలర్లతో పోయింది. కంప్రెసర్‌కి ఏమీ కాలేదు. నాలుగు టన్నులది కొనుంటే అది కూడా ఆ ఊడిన డక్టుతోనే కిందిగాలి పీల్చేది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇదే విషయం మీద లెక్కలు కట్టి చూసింది. బిగింపులో లోపాలుంటే వేడికీ చల్లదనానికీ అయ్యే కరెంటు ఖర్చు 30 శాతం వరకు పెరగవచ్చని తేల్చింది. వాటిలో పెద్ద దొంగ డక్టుల లీకే. మనం మాత్రం బ్రాండు పేరు, స్టార్లు, రివ్యూలు వారాల తరబడి చూస్తాం. బిగించే రోజున ఆఫీసు కాల్‌లో ఉంటాం.

కొత్తది వేయించుకోవాల్సి వస్తే మొదట అడగాల్సింది సైజు ఎలా తేల్చారని. టన్ను అంటే గంటకి 12,000 బీటీయూలు. రోజుకి ఒక టన్ను ఐసుని కరిగించేంత వేడి, అందుకే ఆ పేరు. "ఇన్ని చదరపుటడుగులకి ఒక టన్ను" అని నోటిలెక్క చెప్పేవాళ్లని నమ్మకండి. కిటికీలెన్ని, ఏ దిక్కున ఉన్నాయి, అటకమీద ఇన్సులేషన్ ఎంత మందం, ఇవన్నీ వేసి చేసే లెక్కకి మాన్యువల్ జె అని పేరు. ఆ కాగితం చూపించమనండి. పెద్దది వేస్తే మంచిదేగా అనుకుంటాం. జూలైలో తెలుస్తుంది. పెద్ద మిషన్ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ లాగే టైము దానికి ఉండదు. 72 డిగ్రీల్లోనూ ఒళ్లు జిగటగా ఉంటుంది. కోస్తావాళ్లకి ఆ జిగట గురించి వేరే చెప్పక్కర్లేదు.

రెండోది, రాగి గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారిస్తారా, తర్వాత వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందకి తెచ్చి అక్కడ నిలుస్తుందో లేదో చూస్తారా అని అడగండి. మీకు ఆ పని రానక్కర్లేదు. అడిగేవాళ్లున్నారని వాళ్లకి తెలిస్తే చాలు. మూడోది, పర్మిట్. పర్మిట్ తీస్తే బయటినుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. "ఎందుకండీ అనవసరపు ఖర్చు" అనే కాంట్రాక్టర్ దగ్గర ఆగి ఆలోచించండి.

భయపెట్టి అమ్మేవాళ్ల దగ్గర ఇంకో మాట ఉంది. "మీ మిషన్‌లో ఉన్న 410ఏ గ్యాస్ ఆగిపోయింది, మొత్తం మార్చాల్సిందే." సగం నిజం. 2025 నుంచి ఇళ్లకి కొత్తగా తయారుచేసే మిషన్లు 454బి, 32 లాంటి గ్యాసులకి మారాయి. ఉన్న మిషన్‌ని రిపేరు చేయించుకుని వాడుకోవడానికి అడ్డేమీ లేదు. కొత్త గ్యాస్‌ని పాతదాంట్లో నింపకూడదు, అంతే. 2,000 డాలర్ల వరకు వచ్చే ఫెడరల్ పన్ను రాయితీ కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇంకా దాన్ని చూపించి తొందరపెడితే మాట నమ్మకండి.

ఇక ఏటేటా సర్వీసు. మన ఊళ్లో ప్రతి ఏప్రిల్‌లో వినే మాట "గ్యాస్ తగ్గింది సార్, నింపాలి". ఇక్కడా అదే పాట, ఇంగ్లీషులో. ఆ గ్యాస్ స్కూటర్లో పెట్రోలు కాదు ఖర్చయిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారేచోటు వెతక్కుండా నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. సర్వీసుకి వచ్చినవాళ్లు "అంతా బాగుంది" అంటే సరిపోదు. లోపలికెళ్లే గాలికీ బయటికొచ్చే గాలికీ తేడా ఎంత, డక్టులో ప్రెషర్ ఎంత, సబ్‌కూలింగ్ ఎంత, అంకెలు రాసిమ్మనండి. పోయినేడాది అంకెల పక్కన ఈ ఏడాదివి పెడితే జబ్బు ముందే కనబడుతుంది. మా ఆఫీసులో లాగ్ చూడకుండా బగ్ క్లోజ్ చేస్తే ఊరుకోరు, ఇంటికి ఎందుకు ఊరుకోవాలి?

మిగతావి మన చేతిపనులే. మార్చి చివర్లో ఇక్కడ పైన్ చెట్ల పుప్పొడి కార్లమీద పసుపు చల్లినట్టు పడుతుంది. అదే బయటి మిషన్ రెక్కల్లోనూ ఇరుక్కుంటుంది. ఆ జోరు తగ్గాక, మిషన్‌కి కరెంటు ఆపేసి, మొక్కలకి పెట్టే గొట్టంతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. ఎండలు ముదరకముందే నీళ్లు పోయే డ్రెయిన్ గొట్టంలో ఒక కప్పు వెనిగర్ పోస్తే నాచు పట్టదు. అక్టోబరులో రాలిన ఆకులు తీసి, చుట్టూ రెండడుగులు ఖాళీ ఉంచి, చలి రాకముందే ఒకరోజు హీట్ వేసి చూడండి. జనవరిలో అందరికీ ఒకేసారి మెకానిక్ కావాలి.

చలికాలంలో బయటి మిషన్‌కి టార్పాలిన్ కప్పకండి, దానికి గాలి కావాలి. మంచు పడితే చేత్తో తీయండి, ఐసుని మాత్రం చాకుతో గీకవద్దు. అప్పుడప్పుడు అది కాసేపు దారి మళ్లించి తన ఐసు తనే కరిగించుకుంటుంది. అప్పుడు లేచేది ఆవిరి, పొగ కాదు.

అన్నిటికన్నా చవకైన పని ఫిల్టరు. ఈ ఆదివారం దాన్ని బయటికి లాగి లైటుకి ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుతురు కనబడకపోతే మీ మిషన్ ముక్కు మూసుకుని పరిగెడుతోందన్నమాట. కొత్తది పెట్టి, అంచుమీద పెన్నుతో తేదీ రాయండి. కొత్త మిషన్ కొనమని ఎవరైనా కాగితం ఇస్తే, ఆ తేదీ చూపించి, ముందు ఇంటికిందకి ఒకసారి దూరి చూడమనండి.