బిందు సేద్యం కౌలు రైతుకూ అందాలి

సాగర్ కుడి కాలువ చివరి భూములకు నీరు అందుతుందన్న భరోసా గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు ఏనాడూ లేదు. కాలువ నీరు రానిచోట మిరపకూ, పత్తికీ బోరే దిక్కు. ఆ నీటిని సాళ్ల వెంట పారిస్తే చాలా భాగం వృథాయే.

బిందు సేద్యంలో నీరు సన్నని గొట్టాల ద్వారా మొక్క మొదట్లోనే చుక్కచుక్కగా పడుతుంది. ఎరువునూ ఆ నీటితోనే ఇవ్వవచ్చు. సాళ్ల మధ్య నేల పొడిగా ఉండి కలుపు తగ్గుతుంది. ఫిల్టరు తరచు కడగాలి, గొట్టాల చివరలు విప్పి మడ్డి వదలాలి. లేకుంటే రంధ్రాలు పూడి ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

రాష్ట్రంలో 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం ప్రారంభమై ఎందరికో సబ్సిడీపై పరికరాలు అందాయి. కానీ పాసు పుస్తకం భూస్వామి పేర ఉంటే కౌలుదారు ఏం చేయాలి? 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చిన పత్రానికి గడువు 11 నెలలే. గొట్టాలేమో ఏళ్ల తరబడి పనిచేసేవి. ఒక్క పంట కోసం అంత పెట్టుబడి ఎవరు పెడతారు?

భూమిలో పాతే పెద్ద పైపులు యజమాని పేర, చుట్టి తీసుకుపోగల సన్న గొట్టాలు కౌలుదారు పేర మంజూరు చేస్తే ఇద్దరికీ నష్టం లేదు. యజమానులు కూడా సమ్మతి పత్రం ఇవ్వడానికి వెనుకాడరాదు. బోరు ఎండితే నష్టపోయేది వారి భూమే. అధికారులు ఈ విషయం ఆలోచించాలి.