పెద్ద అద్దం కొన్నా, కానీ...

ఉస్మానియా క్యాంపస్‌లో నెమళ్లు చూస్తారని సీతాఫల్‌మండిలో ఉండే నాన్నకి 10×50 బైనాక్యులర్ కొనిచ్చా. అద్దం ఎంత పెద్దదైతే అంత మంచిదనుకున్నా. "బొమ్మ ఊగుతోందిరా" అన్నారు.

అప్పుడు లెక్క చూశా. 10 అంటే ఎన్ని రెట్లో, 50 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 50ని 10తో భాగిస్తే 5. కంటికి అందే వెలుగు వలయం అంతే. 8×42కి 5.25! వేటగాళ్ల రైఫిల్ స్కోప్‌కీ ఇదే సూత్రం. అద్దం చిన్నదైనా వెలుగేం తగ్గదు. బరువు తక్కువ. రెట్లు తగ్గాయి కాబట్టి చేతి వణుకూ అంతగా తెలీదు.

మార్చి తెచ్చా. మొన్న పొద్దున నెమలి నిలకడగా కనబడిందట. మీరూ కొనేముందు అద్దం కంటే ముందు, పట్టుకునే చేతుల్ని చూడండి. నాన్నవి వణుకుతున్నాయని నాకు అప్పటిదాకా తెలీదు.