పెళ్ళికి ముందు పగిలే పింగాణీ

పెళ్ళింటి పనికి దూరం లెక్కలోనిది కాదు. వాయవ్య జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లాండ్ ప్రాంతపు ఒక పల్లెలో నివసించే మా కుటుంబ మిత్రుల కుమార్తెకు వివాహం నిశ్చయమైనదని తెలిసినప్పుడు, పది రోజులు ముందుగానే అక్కడికి చేరుకోవాలని దంపతులం ఇద్దరం అనుకున్నాము. చాలా ఏళ్ళ క్రితం ఉద్యోగరీత్యా మేము ఆ దేశంలో ఉన్నప్పుడు, పురిటి వేళ తల్లిగానీ అత్తగానీ దగ్గర లేని రోజులలో, నలభై దినాలూ మా వంటింటి భారం మోసినది ఆ ఇల్లాలే.

జర్మన్ల వివాహ వేడుకలలో పోల్టరాబెండ్ అనేది ఒకటి. 'పోల్టర్న్' అంటే దడదడ చప్పుడు చేయడం, 'ఆబెండ్' అంటే సాయంకాలం. పూర్వం పెళ్ళికి ముందు రాత్రి జరిపేవారు, నేడు చాలామంది మరికొన్ని రోజుల ముందే కానిచ్చేస్తున్నారు. దీనికి ఆహ్వాన పత్రికలు ఉండవు. ఫలానా నాడని నోటిమాటగా తెలిస్తే చాలు, జనం వస్తారు. వచ్చేవారు పాత పళ్ళేలు, పిడి ఊడిన కప్పులు, పూలకుండీలు, చివరికి పాడైన వాష్‌బేసిన్లు సైతం తెచ్చి ముంగిట పగులగొడతారు. గాజు మాత్రం పగులగొట్టరాదు. అద్దం అసలే కూడదు. పెంకులు శుభాన్ని తెస్తాయనీ, ఆ చప్పుడుకు దుష్టశక్తులు పారిపోతాయనీ పాతకాలపు మాట. శుభాశుభాలు పింగాణీ ముక్కలలో లేవని పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. మా మిత్రులు కూడా దానిని నమ్మరు. వారు విలువనిచ్చేది తరువాతి ఘట్టానికి. వధూవరులిద్దరూ చీపుళ్ళు పట్టి ఆ గుట్టను కలిసి ఊడ్వాలి. సగం ఊడ్చేసరికి ఎవరో ఒక కొంటె స్నేహితుడు దానిని చెల్లాచెదురు చేస్తాడు. విసుక్కోకుండా మళ్ళీ ఊడ్వాలి.

బయలుదేరక ముందే ఒక విషయం తేల్చుకోవలసి వచ్చింది. ఆ రాత్రి మద్యం లేకుండా గడవదు. మద్యం అందించే దస్తర్‌ఖాన్ వద్ద విశ్వాసి కూర్చోరాదని మన ధర్మం చెబుతుంది. అక్కడికి వెళ్ళాక ముఖం చాటేయడం కంటే ముందే చెప్పడం మర్యాద అనిపించి, పగటి పని అంతా మాదనీ, రాత్రి వేడుకకు మాత్రం రాలేమనీ దాపరికం లేకుండా వ్రాశాము. మరునాడే జవాబు వచ్చింది. "ఆ రాత్రి మా అమ్మకు తోడు కావాలి. ఆవిడ ఎన్నడూ పోల్టరాబెండ్‌కు బయటకు రాదు. మీరు ఆమె దగ్గర ఉండగలరా?" ఎందుకు రాదో మేము అడగలేదు.

ఆ ప్రాంతంలో పెళ్ళింటి గుమ్మానికి తోరణం కట్టడం ఇరుగుపొరుగువారి బాధ్యత. ఫర్ చెట్టు కొమ్మలను తీగతో బిగించి పొడవాటి దండగా అల్లుతారు. ముడత కాగితంతో గులాబీలు చేసి అందులో గుచ్చుతారు. పెళ్ళయి పాతికేళ్ళు నిండిన దంపతులకైతే అవే గులాబీలు వెండి రంగులో, యాభై ఏళ్ళకు బంగారు రంగులో ఉంటాయి. మా వ్రేళ్ళకు అంటిన చెట్టుబంక రెండు రోజులు వదలలేదు. హైదరాబాదులో మాంఝా నాడు పసుపు కలుపుతూ స్త్రీలు చెప్పుకునే కబుర్లకూ, అక్కడ కాగితాలు మడుస్తూ చెప్పుకునే కబుర్లకూ భాషే తేడా. వంట సంగతికి వస్తే, పెళ్ళి సూప్ తప్పనిసరి. తేటగా వడకట్టిన కోడి రసంలో చిన్న మాంసపు ఉండలు, ఆవిరిపై గట్టిపరచి కోసిన గుడ్డు ముక్కలు, తెల్ల ఆస్పరాగస్ వేస్తారు. దగ్గరి పట్టణంలోని తుర్కీ దుకాణం నుండి హలాల్ కోళ్ళు తెచ్చాము. మాకు వేరే గిన్నెలో వండుకుంటామంటే ఆ ఇల్లాలు ఒప్పుకోలేదు. రెండు గిన్నెలు పెడితే గరిటెలు కలిసిపోతాయని, ఊరందరికీ ఆ మాంసంతోనే వండించారు.

ఆ రాత్రి పెద్దావిడ గదిలో కూర్చున్నాము. ఇంటివారి వలె మేమూ ఆమెను 'ఓమా' అనే పిలిచాము, అంటే నాయనమ్మ, అమ్మమ్మ. రెండవ ప్రపంచ యుద్ధానంతరం సైలీషియా నుండి వెళ్ళగొట్టబడిన లక్షలాది జర్మన్లలో ఆమె కుటుంబం ఒకటి. 1946లో ఈ పల్లెకు చేరేనాటికి ఆమెకు ఏడేళ్ళు. నలుగురికి ఒకే ఎనామెల్ గిన్నె, వంతులవారీగా తినేవారట. బయట తొలి పళ్ళెం పగిలినప్పుడు ఆమె కళ్ళు మూసుకున్నారు. "ఒక మనిషి అన్నం తినగల పళ్ళెం అది" అన్నారు.

మా మనసులోని ప్రశ్నా అదే. బీటలు వారినవాటిని ఈ రోజు కోసం ఏడాది పొడవునా దాచే ఇళ్ళున్నాయి. అది ఇస్రాఫ్ అనలేము. పగులగొట్టడానికే చౌక పళ్ళేలు కొత్తగా కొనేవారూ ఉన్నారు. అది దుబారాయే. అయితే సాంచఖ్ కోసం అప్పు చేసి ఫంక్షన్ హాలు మాట్లాడుకునే మనం ఈ మాట కొంచెం మెల్లగా అనాలి.

"మీ పెళ్ళికి కూడా పగులగొట్టారా ఓమా?" అని అడిగాము. 1960 నాటి మాట అది. ఆమె నవ్వారు. "పొరుగు రైతులు బుట్టలతో తెచ్చారు. ఊడుస్తుంటే ఒక పళ్ళెం అంచు మాత్రమే విరిగి కనబడింది. ఏప్రన్ క్రింద దాచుకున్నాను. మధ్యాహ్నం మీరు ఖర్జూరాలు పెట్టి నాకిచ్చినది అందులోనే."

తెల్లవారి వెళ్ళి చూస్తే వధూవరులు గుట్టను తొట్టిలోకి ఎత్తివేశారు. పింగాణీని గాజుసీసాల డబ్బాలో వేయరాదు. దాని కరిగే వేడి వేరు గనుక గాజును చెడగొడుతుంది. కట్టడపు శిథిలాలతో పాటు పంపాలి. గడ్డిలో మిగిలిన ముక్కలను మేము ఏరుతూ ఉంటే, ఓమా కిటికీ తెరిచి చేతికర్రతో చూపించారు. "ఆ పొద క్రింద ఇంకొకటి ఉంది. పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతారు."