‘ప్రమేయ సమూహము’: ఒక పారిభాషిక పదమును గూర్చిన విచారము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు కొబ్బరిచెట్టు నుండి కల్లును, కాయ నుండి నూనెయు లభించుట అందఱెఱిగినదే. కల్లునందు ఇథనోల్ కలదు. నూనెను క్షారముతో కాచి సబ్బు చేయునప్పుడు గ్లిసరోల్ వేఱుపడును. మొదటిది మత్తు కలిగించును. రెండవది తీపిగానుండు చిక్కని ద్రవము. మత్తుతో దానికి పని లేదు. అయినను రసాయనశాస్త్రము రెండింటిని ఆల్కహాలులనియే చెప్పును. హైడ్రాక్సిల్ అను కూటమి, అనగా హైడ్రొజనుతో కూడిన ఆక్సిజను, కార్బనును అంటియుండుటయే ఇందుకు హేతువు. ఇథనోల్‌లో అట్టిది ఒకటి, గ్లిసరోల్‌లో మూడు. కావున ఆల్కహాలునకు ‘మద్యసారము’ అను అనువాదము అవ్యాప్తిదోషమునకు గురియగుచున్నది.

కూటమి చిన్నదైనను ద్రవ్యస్వభావమును నిర్ణయించుటలో దానిదే పెద్దఱికము. రెండు కార్బనులు, ఆఱు హైడ్రొజనులు, ఒక ఆక్సిజను ఒక తీరున కూడినచో ఇథనోల్. అది 78 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మఱుగు ద్రవము. అవియే పరమాణువులు, ఆక్సిజను రెండు కార్బనుల నడుమ చేరునట్లు కూడినచో డైమిథైల్ ఈథర్. అది సున్నకు దిగువ 24 డిగ్రీలకే మఱగి వాయువగును. ‘నదీ’, ‘దీన’ అను పదములందు వర్ణములవియే, క్రమము వేఱు, అర్థము వేఱు అని స్ఫోటవిచారమున చెప్పుకొనునది ఇచ్చట కన్నులకు కట్టును.

మద్యము పుల్లబడుట మన శాస్త్రకారులెఱుగనిది కాదు. పులస్త్యుని పేరిట ధర్మశాస్త్రవ్యాఖ్యలందు కనబడు మద్యముల పట్టికలో నారికేళజము కూడ కలదు. చెడి పులిసిన మద్యమునకు శార్ఙ్గధరసంహిత ‘చుక్రము’ అని వేఱు పేరు పెట్టినది. చెట్టు నుండి దిగిన తీపిరసమున ఈస్టు చక్కెరను ఇథనోల్‌గా మార్చును. కుండ లోపల సున్నము పూసినచో ఆ మార్పు మందగించును. పిమ్మట గాలి తగులగా మఱియొక జాతి సూక్ష్మజీవులు ఇథనోల్‌ను ఎసిటిక్ ఆమ్లముగా మార్చును. రెండు కార్బనులును అట్లేయుండి, హైడ్రాక్సిల్ ఉన్న కొసన కార్బాక్సిల్ ఏర్పడును. ప్రాచీనులకు కార్బాక్సిల్ తెలియునని వాదించుట సాహసము. వారెఱిగినది పరిణామమును, మాఱినదానికి తగిన పేరు పెట్టవలెనను వివేకమును.

ఆ వివేకము నేటి పరిభాషలో కొంత లోపించినది. ఫంక్షనల్ గ్రూప్ అను దానిని తెలుగు పాఠ్యపుస్తకములు ‘ప్రమేయ సమూహము’ అనుచున్నవి. గణితమున ఫంక్షన్ ‘ప్రమేయము’ అయినందున ఆ మాటయే రసాయనమునకును వచ్చి చేరినట్లు తోచును. గణితమున అది ఒక సంబంధము; రసాయనమున పనిచేయు శక్తి. ఆంగ్లమున శబ్దమొకటియైనను అర్థమొకటి కాదు. న్యాయశాస్త్రమున ప్రమేయమనగా ప్రమకు విషయమైనది. గౌతముడు ఆత్మ మొదలు అపవర్గము వఱకు పండ్రెండింటిని పరిగణించెను. హిందీ గణితమున ‘ప్రమేయ’ అనగా థీరమ్. ఇన్ని అర్థములలో హైడ్రాక్సిల్‌కు ఎందును చోటు లేదు. హిందీ రసాయనకారులు ‘ప్రకార్యాత్మక సమూహ’ అని వేఱు పదమును చేసికొనిరి.

యోగము కంటె రూఢి బలవత్తరము కదా యని ఆక్షేపింపవచ్చును. ఆల్కహాలు అను మాటయే అరబ్బీలో అంజనచూర్ణమును చెప్పు పదము నుండి పుట్టినది. నిజమే. కాని ఆల్కహాలు అన్న మన విద్యార్థికి అంజనము స్ఫురింపదు. ప్రమేయమన్నచో గడచిన గంటలోని గణితపాఠము స్ఫురించును. ‘ఇందులో నా ప్రమేయము లేదు’ అను లోకవ్యవహారమును బట్టి కూడ సమర్థింపవచ్చును: రసాయనచర్యలో ప్రమేయమున్నది ఆ కూటమికే కదా! ఈ సమర్థనము చక్కనిది. అదియే అభిమతమైనచో పుస్తకమున ఒక్క వాక్యముగానైన చెప్పవలెను.

ఇట్టిచోట ప్రాచ్యకళాశాలల పండితులు మౌనము వహించుట తగదు. ప్రకృతిప్రత్యయములలో ప్రత్యయార్థము ప్రధానమని వైయాకరణులందురు. 1892లో జెనీవాలో రూపొందిన రసాయన నామకరణమునందును ప్రకృతికి ప్రత్యయము చేర్చుటయే పద్ధతి: ఆల్కహాలునకు ‘ఓల్’, ఆల్డిహైడునకు ‘ఆల్’. (పెట్రోలులో కలుపుదానిని పత్రికలు ‘ఇథనాల్’ అని వ్రాయుటచే ఆల్కహాలు కాస్త ఆల్డిహైడగుచున్నది!) అయినను ‘ప్రత్యయ సమూహము’ అనుట పేరునకే చెల్లును గాని ద్రవ్యమునకు చెల్లదు. ‘ప్రయోజక సమూహము’ అనుట మేలు. ధర్మమునకు ప్రయోజకమైనది ప్రయోజకము. తెలుగు వ్యాకరణమున ఆ పదమునకు ప్రేరణార్థము కలదందురా, అది ఇచ్చట బాధకము కాదు; ఇథనోల్ నీటితో కలియుటకు హైడ్రాక్సిల్ ప్రేరకమే.

పదము మార్చినచో పరీక్షాపత్రములు, పుస్తకములు, అధ్యాపకుల అలవాటు అన్నియు కదలవలసియుండును. కావున పాతదానిని ఒక్కమాఱుగా తొలగింపనక్కఱలేదు. కొన్నేండ్లు రెండింటిని ప్రక్కప్రక్కన ముద్రించి, విద్యార్థులకు ఏది పట్టువడునో తరగతిలో చూడవచ్చును.