ఆరు వందల యాభై గ్లౌజులు వద్దు, సంతలో గ్లౌజులు చాలు

రిటైర్డు క్లర్కు మళ్ళీ పొడుగు పోస్టు పెట్టాడని విసుక్కోకండి. నా చదువంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయ్యాకే, అదీ మీ సిరోంచ ఆడపడుచు దగ్గర. కాబట్టి తప్పులుంటే దిద్దుకుని చదవండి. వచ్చే ఆదివారం మీటింగులో చెయ్యెత్తే ముందు ఒకసారి చదివితే చాలు.

పోలీసు భర్తీకి ప్రాక్టీసు చేస్తున్న మన పిల్లలు 40 మందికి ఈ చలికాలం గ్లౌజులు ఇద్దామని కమిటీ అనుకుంది. మంచి ఆలోచన, కాదనను. అయితే గ్రూపులో పెట్టిన ఫోటో చూశాను. స్పోర్ట్స్ గ్లౌజులట, జత 650 రూపాయలు, మీద సంఘం పేరు ముద్ర. మొత్తం 26,000. దానికి నేను చెయ్యెత్తను. ఎందుకో చెబుతాను.

పదిహేను రోజుల కింద తెల్లవారుజామున ఐదింటికి రోజూలాగే బ్రిడ్జి వైపు నడుస్తున్నా. ప్రాణహిత మీది గాలి సంగతి మీకు చెప్పేదేముంది, ఊళ్ళో స్వెటరు చాలితే బ్రిడ్జి మీద రగ్గు కావాలి. అబ్బాయిలు ముందు పోయారు, వెనక నలుగురు ఆడపిల్లలు. అందులో ఒకమ్మాయి రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని ఉరుకుతోంది. "బిడ్డా, చేతులు బయట పెట్టి ఉరుకు" అన్నాను. "కొంకర్లు పోతున్నయ్ తాతా, వేళ్ళు నావో కావో తెలుస్తలేవు" అంది. ఇంకో యాభై అడుగులు పోయిందో లేదో, కాలికి రాయి తగిలి బోర్లా పడింది. మనిషి పడేటప్పుడు చేతులు ముందుకొచ్చి కాపాడాలి. ఆ చేతులు చున్నీలో ఉన్నాయి. గడ్డం పగిలి రెండు కుట్లు పడ్డాయి. చలి వేళ్ళకి, దెబ్బ గడ్డానికి. అందుకే గ్లౌజులు షోకు కాదని నేను ఒప్పుకుంటాను. ఏ గ్లౌజులన్నదే నా గొడవ.

చలేస్తే శరీరం ముందు గుండె, కాలేయం లాంటివాటిని వెచ్చగా ఉంచుకోవాలని చూస్తుంది. వేళ్ళకు పోయే రక్తనాళాలను సన్నం చేస్తుంది. అందుకే పరుగు మొదలెట్టిన మొదటి పది నిమిషాలు వేళ్ళు మంచుగడ్డలు. పైగా గాలి లేని రోజున కూడా ఉరికేవాడికి గాలి ఉంటుంది. 1600 మీటర్లు ఆరు నిమిషాల్లో ఉరికితే గంటకు 16 కిలోమీటర్ల వేగం, అంత గాలీ పిడికిలి మీద కొడుతుంది. తర్వాత ఒళ్ళు వేడెక్కి చెమట పట్టాక వేళ్ళకి కూడా రక్తం వస్తుంది, అప్పుడు ఇవే గ్లౌజులు బరువనిపిస్తాయి. అంటే మన పిల్లలకు కావలసింది పది, పదిహేను నిమిషాలు గాలి ఆపి, ఆ తర్వాత తీసి జేబులో పెట్టుకోగలిగే పల్చటి వస్తువు. మందపాటి దూది గ్లౌజు కాదు. మన దగ్గర మహా చలి అంటే పది డిగ్రీలు, ఇంకొంచెం తక్కువ. ఇది కాశ్మీరు కాదు కదా.

ఇక్కడ నా రైల్వే సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. చిన్నప్పుడు బళ్ళో "పని" అంటే మంచు, ఇంట్లో "పని" అంటే పని. మార్గళి నెలలో చెవులకు మఫ్లరు చుట్టుకోవడమే మాకు తెలిసిన చలి. ఉద్యోగంలో బల్లార్షా వైపు వచ్చాకే రెండు పనులూ ఒకటే అని తెలిసింది. చలికి రైలు పట్టా కుంచించుకుంటుంది, ఒక్కోసారి విరుగుతుంది. అందుకని చలికాలం రాత్రుళ్ళు మనుషులు లాంతరు పట్టుకుని పట్టా వెంట నడుస్తూ చూసుకుంటారు, కోల్డ్ వెదర్ పెట్రోలింగ్ అంటారు. తెల్లారి స్టేషనుకొచ్చి టీ తాగేవాళ్ళ చేతులకు చూస్తే పాత సాక్సులు! బొటనవేలు దగ్గర చిన్న చిల్లు చేసి తొడుక్కునేవాళ్ళు. ఒకాయన్ని అడిగితే, "గ్లౌజులో వేలుకు వేలు వేరుగా ఉంటది సాబ్, సాక్సులో నాలుగు వేళ్ళూ ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటయ్" అన్నాడు. మంచు దేశాల్లో వేళ్ళు విడదీయని తొడుగులు వాడేదీ అందుకే అని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆయనేమీ చదవలేదు. కౌంటర్లో మేము మాత్రం ఊలు గ్లౌజుల వేళ్ళ కొసలు కత్తిరించుకునేవాళ్ళం, చిల్లర లెక్కపెట్టాలి కదా.

కాబట్టి మొదటి సలహా ఉచితం. ఇంట్లో జత పోయిన సాక్సులు ఏ ఇంట్లో లేవు? ఈ రోజు నుంచే తొడుక్కోమనండి. నామోషీ అనుకునే పిల్లలకు రెండో సలహా. మన వారపు సంతలో మిషన్ ఊలు గ్లౌజులు జత 45 రూపాయలకు ఇస్తున్నాడు, నేను మొన్ననే తెచ్చాను. హార్డ్‌వేరు షాపులో మేస్త్రీలు వాడే తెల్ల నూలువి ఇంకా చవక, 25. నూలుది చెమట పీల్చుకుని తడిసి మళ్ళీ చల్లబడుతుంది, అరగంట పరుగుకి పరవాలేదు, అంతకు మించితే మిషన్ ఊలే మేలు. అరచేతికి రబ్బరు పూత ఉన్నవి మాత్రం వద్దు, లోపల చెయ్యి ఉడికిపోతుంది. అవి ఇటుకలు మోసేవాళ్ళకి.

కొనేటప్పుడు మూడు చూడండి. మణికట్టు దాటి రెండు వేళ్ళు పైకి రావాలి, స్వెటరు చేతికీ గ్లౌజుకీ మధ్య సందు ఉంటే అంతా వృథా. బిగుతు ఉండకూడదు, బిగిస్తే రక్తం ఆగి ఇంకా చల్లబడతాయి, అమ్మేవాడు సాగుతుంది అంటాడు, వినకండి. మూడోది, తొడుక్కుని షూ లేసు కట్టి చూడండి. కట్టగలిగితే అది పరుగు గ్లౌజు. కట్టలేకపోతే బండి గ్లౌజు. ఆళ్ళపల్లి దాకా దాదాపు వంద కిలోమీటర్లు బండి మీద పొద్దున్నే పోయేవాళ్ళకు ఆ 650 ది పనికొస్తుంది, వాళ్ళు సొంతంగా కొనుక్కోవాలి. ఇంకోటి, ముక్కు తుడుచుకునేది గ్లౌజు వీపుతోనే (నవ్వకండి, మీరూ అంతే). అందుకే మనిషికి రెండు జతలు ఉండాలి, ఒకటి ఉతికితే ఇంకోటి వేసుకోవాలి.

లెక్క నేను వేసి పెట్టాను, అలవాటు పోదు కదా. 40 మందికి రెండేసి జతలు అంటే 80 జతలు, 45 చొప్పున 3,600. మిగిలేది 22,400.

ఆ డబ్బు దేనికి? భర్తీలో మైదానం పరీక్షకు 50 మార్కులు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800, ఇద్దరికీ 100 మీటర్లు, ఆ పైన గోళాఫేక్. ఉరకడానికి రోడ్డుంది. గోళా ఎక్కడుంది? మన పిల్లలు నది ఒడ్డు నుంచి ఏరిన గుండ్రాయి విసురుతున్నారు. ఒకడి రాయి ఐదు కిలోలు, ఇంకొకడిది తొమ్మిది. అసలు గోళా అబ్బాయిలకు 7.26 కిలోలు, అమ్మాయిలకు 4. ఆ బరువు చేతికి అలవాటు కాకుండా పరీక్ష రోజున మొదటిసారి పట్టుకుంటే ఏం విసురుతారు? అబ్బాయిలకు రెండు, అమ్మాయిలకు రెండు గోళాలు కొనండి. మిగిలితే చీకట్లో మెరిసే పట్టీలు కొని పిల్లల వీపులకు కట్టండి. ఇసుక లారీ డ్రైవరుకు గ్లౌజు మీద మన సంఘం పేరు కనపడదు, మెరిసే పట్టీ కనపడుతుంది.

గోళాకి, గ్లౌజుకి ఒక లంకె ఉంది. అథ్లెటిక్స్ నియమాల్లో షాట్‌పుట్ గ్లౌజుతో వెయ్యకూడదు. కాబట్టి ప్రాక్టీసు కూడా ఒట్టి చేత్తోనే చెయ్యాలి. కానీ కొంకర్లు పోయిన వేళ్ళలో గోళా నిలవదు, జారుతుంది. ఇక్కడి నుంచి గడ్చిరోలి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. మన పిల్ల రాత్రంతా బస్సులో కూర్చుని, చీకటి ఉండగానే దిగి, మైదానం బయట క్యూలో నిలబడుతుంది. గ్లౌజు అవసరం అసలు అక్కడ. పేరు పిలిచే దాకా తొడుక్కుని, పిలవగానే తీసి అమ్మ చేతిలో పెట్టి లోపలికి పోవాలి. పోయినా ఏడుపు రాని 45 రూపాయల గ్లౌజే దానికి సరి.

మన ట్రెజరర్ తమ్ముడు ఫోన్లో అన్న మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. "చవకవి ఇస్తే నెలకే చిరుగుతయ్, సంఘం పరువు పోతది పెద్దాయనా" అన్నాడు. చిరుగుతాయి, నిజమే. చలి మాత్రం ఎన్నాళ్ళుంటుంది తమ్ముడూ? సంక్రాంతి దాటి ఇంకో రెండు మూడు వారాలు. రెండు జతలు అన్నాళ్ళు ఆగుతాయి. పరువు సంగతి అంటావా, స్టేజీ మీద పంచే ఫోటోలో గ్లౌజు బాగానే కనపడుతుంది. కుట్లు పడ్డ గడ్డం ఆ ఫోటోలోకి రాదు.

మన వయసు వాకర్లకు ఒక్క మాట. షుగరు ఉండి వేళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు నడక నుంచి రాగానే చలిమంట దగ్గర చేతులు పెట్టకండి. కాలేది మీకు తెలియదు. గోరువెచ్చని నీళ్ళు చాలు, అవి కూడా ఇంకొకరు ముట్టుకుని చూశాకే. చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయి నొప్పి పెట్టేవాళ్ళు గ్లౌజు కొనుక్కుని ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి.

ఆదివారం మీటింగుకి నేను మూడు రకాలూ తెస్తాను. సంతలో ఊలుది, మేస్త్రీ నూలుది, మా ఇంటి పాత సాక్సులు (ఉతికినవే). ట్రెజరర్ తమ్ముడు ఆ 650 ది ఒక జత శాంపిలు తెప్పిస్తే బాగుంటుంది. నాలుగూ టేబులు మీద పెడదాం. భర్తీకి ఉరికే పిల్లల్ని ఇద్దరిని పిలిచి, తొడుక్కుని షూ లేసు కట్టమందాం. ఆ తర్వాత ఓటు పెట్టండి.