నాలుగు ఓటములకే కోచ్‌ను మార్చలేదు

అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లే ముందుకెళ్తారు. 2019లో టాంపా బే లైట్నింగ్ 82 లీగ్ మ్యాచ్‌లలో 62 గెలిచి వచ్చింది. తొలి మ్యాచ్‌లో 3-0 ఆధిక్యం కూడా సాధించింది. అయినా కొలంబస్ చేతిలో వరుసగా నాలుగూ ఓడింది. ఎవరైనా కోచ్‌ను పంపేయమనే అంటారు! యాజమాన్యం మాత్రం జాన్ కూపర్‌నే కొనసాగించింది. 2020 తొలి రౌండ్‌లో మళ్లీ అదే కొలంబస్. మొదటి మ్యాచే అయిదు ఓవర్‌టైమ్‌లు సాగింది. ఈసారి సిరీస్ 4-1తో లైట్నింగ్‌దే, చివరికి స్టాన్లీ కప్ కూడా.

ఒక్క యూనిట్ టెస్టులో ర్యాంకు తగ్గగానే సెక్షన్ మార్చమంటూ వచ్చే తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే: ఏ చాప్టర్‌లో మార్కులు పోయాయో, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆన్సర్ పేపర్ చూశారా?