చెప్పుకోలేని చోట నొప్పి

మన కోనసీమలో ఆడవాళ్లం ఒళ్లునొప్పుల గురించి చెప్పుకోని రోజుండదు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అని కాలవ రేవులోనూ, అమలాపురం బస్సులోనూ కూడా చెప్పుకుంటాం. గజ్జలో నొప్పి అని మాత్రం పైకి అనం. డాక్టరు అడిగినా "నడుమండీ" అనేసి ఊరుకుంటాం. తుంటి కీలు పాడైతే నొప్పి ఎక్కువగా తెలిసేది ఆ గజ్జలోనే. ఒక్కోసారి మోకాలిదాకా పాకుతుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

తొడ ఎముక పైన బంతిలాంటి భాగం ఉంటుంది. దానికి రక్తం తీసుకెళ్లే నాళాలు చాలా సన్నవి. కొబ్బరిచెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుడికి ఆ బంతి కింద ఎముక విరిగితే, నాళాలు తెగిపోవచ్చు. దెబ్బ తగలకపోయినా, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడినవాళ్లకీ, అతిగా తాగేవాళ్లకీ, సికిల్ సెల్ జబ్బున్నవాళ్లకీ ఈ ముప్పుంది. రక్తం అందని ఎముక చచ్చుబడి, చివరికి ఒంటి బరువుకి కుంగిపోతుంది. దీన్నే డాక్టర్లు ఏవీఎన్ అంటారు. కోవిడ్‌కి స్టెరాయిడ్లు వాడిన కొందరిలో ఇది కనిపించిందని 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు.

లూపస్ లాంటి జబ్బులు ఆడవాళ్లకే ఎక్కువ. వాటికి స్టెరాయిడ్లు చాలాసార్లు తప్పవు. డాక్టరు చూస్తూ ఇచ్చే మందుని నేను తప్పుపట్టను. భయపడి ఉన్నట్టుండి మానెయ్యడం కూడా ప్రమాదమే. నా కోపమల్లా పేరు చెప్పకుండా పొట్లం కట్టిచ్చే మాత్రల మీద. "రెండ్రోజుల్లో నొప్పి లాగేసిందండి" అని పక్కింటావిడ అంటే, ఆవిడ చీటీతోనే మందులు తెచ్చుకు మింగే మన అలవాటు మీద.

ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఎమ్మారైలో తెలుస్తుంది. అప్పుడే పట్టుకుంటే, ఎముకకి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించి, కీలుని కాపాడుకునే అవకాశం ఉంటుంది. కుంగిపోయాక చాలామందికి కీలు మార్పిడే దారి.

ఎమ్మారైకి డబ్బు అవుతుంది, నిజమే. కానీ ఇంటాయన కాలీడుస్తుంటే అప్పుచేసైనా తీయిస్తాం. మనకొస్తే మాత్రం వాతమని ఆముదం రాసుకుని వంటింట్లోకి వెళ్లిపోతాం. ఈ లెక్క మారాలంటాను.

బాసింపట్టు వేసుకున్నా, మెట్లెక్కినా గజ్జలో కలుక్కుమంటూ వారాల తరబడి వదలకపోతే, ఎముకల డాక్టరు దగ్గరికెళ్లండి. ఇదివరకు వాడిన మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. నొప్పి ఎక్కడో ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడితే నష్టపోయేది మన కాలే.